చెంకారెంగ్‌లో దిగిన చేప

అమ్మ చెంకారెంగ్‌లోనే దిగుతానందని తెలిసిన రోజు టుంపల్ ఆఫీసులో ఎవరేమడిగినా సరేనన్నాడు. చెంకారెంగ్ అంటే తన వైపు. అంటే చెల్లెలి వైపు కాదు.

జకార్తాకి విమానాశ్రయాలు రెండు. పడమటి కొసన పెద్దది చెంకారెంగ్, తూర్పున చిన్నది హలీమ్. చెంకారెంగ్‌లో రైలెక్కితే టుంపల్ ఉండే బాతు చెపెర్ దగ్గర్లోనే వస్తుంది. చెల్లెలు రుగున్ ఇల్లు హలీమ్ పక్కనే, విమానం లేచినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. వేరే దీవిలో ఉన్న సొంతూరు బలిగె బజారులో బట్టల కొట్టు నడిపే వాళ్ళమ్మ ఎప్పుడొచ్చినా దిగిన వైపే బస. మధ్యలో ఉన్న మహానగరాన్ని దాటి రెండో బిడ్డ ఇల్లు చేరాలంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

కిందటిసారి ఆవిడ హలీమ్‌లో దిగింది. కూతురింట్లో హాయిగా గడిపి, కొడుకింటికి ఒక ఆదివారం చర్చి అయ్యాక భోజనానికి వచ్చి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. అత్తగారి కోసం టుంపల్ భార్య దుమా వండిన పంది కూర సగం కుండ మిగిలింది. ఆ కుండ చూసి టుంపల్‌కి ఒళ్ళు మండింది. "ఆవిడ దానికే అమ్మ" అని మూతి ముడుచుకున్నవాడు మళ్ళీ చెల్లెలి గడప తొక్కలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి రుగున్ కడుపుతో ఉందని కబురొస్తే ఫోన్లో బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాడు. మేనమామ కాబోయేవాడు పంపే బొమ్మేనా ఇది అని దుమా గడ్డి పెట్టింది. అతనికి చెవికెక్కలేదు.

ఇప్పుడు రుగున్‌కి ఏడో నెల. పుట్టింటివాళ్ళు చేప తీసుకెళ్ళి పెట్టాలి. తల నుంచి తోక దాకా ఎక్కడా విరగకుండా, పసుపూ మసాలా పట్టించి, నీళ్ళన్నీ ఇగిరేదాకా ఉడికించిన చేప. తల్లీ తండ్రీ చెరో పక్కా పళ్ళెం పట్టుకుని కూతురి ముందు పెడితేనే అది దీవెన, లేకపోతే వట్టి కూర. తండ్రి పోయాడు కాబట్టి ఆ రెండో పక్క అన్న పట్టుకోవాలి. తమ బతక్ తెగవాళ్ళ ఇళ్ళలో ఈ సంగతి పసివాళ్ళకి కూడా తెలుసు. టుంపల్‌కీ తెలుసు. రుగున్ వచ్చి పిలిస్తే వెళ్దామని భీష్మించుకు కూర్చున్నాడు. ఆవిడా ఆ అన్నకి చెల్లెలే కదా, పిలవలేదు.

టిక్కెట్టు కొనే ముందు అమ్మ ఇద్దర్నీ ఒకేసారి ఫోన్లోకి పిలిచింది.

"హలీమ్ అయితే దిగగానే గుమ్మం అమ్మా," అంది రుగున్. "మా ఆయన స్కూటర్ మీద వచ్చి తీసుకొస్తారు."

"అమ్మా, స్కూటర్ మీద పెడితే చేప తోక దారిలో ఏ గుంటలోనో పడుతుందని చెప్పు," అన్నాడు టుంపల్.

"చెంకారెంగ్‌లో దిగితే పెట్టె కోసమే సగం ఊరు నడవాలని చెప్పమ్మా."

"చెంకారెంగ్‌లో రైలు ఉందని చెప్పమ్మా. ఏసీ రైలు."

"నేనెవరికీ చెప్పక్కర్లేదు," అంది ఆవిడ. "మీ గొంతులకి ఫోను కూడా అనవసరం."

మర్నాడు కబురు పంపింది, చెంకారెంగ్ అని. రుగున్ దానికి జవాబే ఇవ్వలేదు. టుంపల్ మాత్రం గాల్లో తేలిపోయాడు. అత్తగారి కోసం దుమా మంచం మీద కొత్త దుప్పటి పరిచింది. బయల్దేరేటప్పుడు అతని పెళ్ళిళ్ళ చొక్కా, తెల్లటిది, ఇస్త్రీ చేసి చేతికిచ్చింది. విమానాశ్రయానికి ఇంత సోకెందుకని అడిగితే, "మీ అమ్మ వస్తోంది, ఆ మాత్రం ఉండొద్దా" అంది.

చెంకారెంగ్‌లో అమ్మ ముడి బిగించుకుని, ఎర్రగా పెదాలకి రంగేసుకుని, విమానాన్ని తనే నడుపుకొచ్చినంత దర్జాగా బయటికొచ్చింది. పెట్టె కొడుక్కిచ్చింది, సంచీ ఇచ్చింది. గుడ్డలో మూటగట్టిన చేప డబ్బా మాత్రం ఇవ్వలేదు. రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మసాలా ఘుమఘుమకి ఎదుటి సీట్లో కుర్రాడు ఫోను వదిలేసి డబ్బా వంక చూడటం మొదలుపెట్టాడు.

బాతు చెపెర్ వచ్చింది. టుంపల్ పెట్టె అందుకుని, "పదమ్మా, వచ్చేశాం," అన్నాడు.

"నీ ఊరు వచ్చింది. నేను ముందుకెళ్ళాలి."

"ముందుకెక్కడికి?"

"నీ చెల్లెలింటికి."

టుంపల్ అందుకున్న పెట్టె మళ్ళీ కింద పెట్టాడు. "అక్కడికే వెళ్ళేదానివి హలీమ్‌లో దిగొచ్చు కదా," అన్నాడు.

"దిగితే నువ్వొచ్చేవాడివా?"

అతను పెట్టె పిడి వంక చూశాడు.

"నేనక్కడ దిగుంటే నువ్విక్కడ కాళ్ళు చాపుకుని టీవీ చూస్తూ ఉండేవాడివి," అంది ఆవిడ. "అమ్మని తీసుకెళ్ళడానికైతే పరిగెత్తుకొస్తావు. అందుకే ఇటు దిగాను. ఇప్పుడు చెప్పు. ఈ పెట్టె, ఈ సంచీ, ఈ చేప, నా ఈ మోకాళ్ళు. ఇన్నింటితో నన్నొక్కదాన్నే ఊరు దాటమంటే దాటతాను. దిగాలంటే దిగు, తలుపులు మూసేస్తారు."

"దుమా నీ కోసం పక్క వేసి కూర్చుంది."

"ఆ పక్క మీద రేపట్నుంచి పడుకుంటాను. దుమాకి ముందే చెప్పాను. ఆ చొక్కా ఎందుకిచ్చిందనుకున్నావు?"

తలుపులు మూసుకుపోయాయి కాబట్టి ఉండిపోయానని టుంపల్ తర్వాత చెప్పుకునేవాడు. నిజానికి అవి చాలాసేపే తెరుచుకుని ఉన్నాయి. అతను కూర్చున్నాక ఆవిడ డబ్బా తీసి అతని ఒళ్ళో పెట్టింది. చేప ఇంకా గోరువెచ్చగా ఉంది.

"అది నన్ను పిలవలేదమ్మా," అన్నాడు కాస్త దూరం పోయాక.

"కడుపుతో ఉన్న పిల్ల వచ్చి నీ కాళ్ళు పట్టుకోవాలా? మీ నాన్న ఉంటే ఎవరైనా పిలవాల్సొచ్చేదా?"

నాన్న అయితే తెల్లారకముందే తయారై అందర్నీ తిట్టి లేపేవాడు. ఇన్నాళ్ళుగా తను మోస్తున్నది కోపం అనుకున్నాడు గానీ, అందులో సగం సిగ్గేనని ఆ డబ్బా పట్టుకున్నాక తెలిసింది.

ఊరి నడిబొడ్డున దిగి, పెట్టె ఈడ్చుకుంటూ జనాన్ని తోసుకుంటూ డుకు అతాస్ స్టేషన్‌కి నడిచి, తూర్పుకు పోయే రైలెక్కారు. దానికి డ్రైవరు ఉండడు. ఆవిడ ముందు బోగీదాకా వెళ్ళి చూసి వచ్చి, "ఎవరూ లేరురా, ఎవర్ని నమ్మి ఎక్కించావు," అని కొడుకు మోచెయ్యి పట్టుకుంది. ఆవిడ నోటి చలవేమో, ఒక మలుపులో రైలు గట్టిగా కుదిపింది. నిలబడి ఉన్న టుంపల్ కమ్మీ వదిలేసి రెండు చేతులా డబ్బాని గుండెలకి హత్తుకున్నాడు. భుజం వెళ్ళి తలుపుకి తగిలింది. మూత పక్కనుంచి పసుపు నూనె కారి తెల్ల చొక్కా మీద పొడుగ్గా చార పడింది.

"తోక చూడు," అంది అమ్మ. ఆవిడ గొంతు మొదటిసారి సన్నగా వినబడింది.

అతను మూత ఓరగా తీసి చూశాడు. చేప నిక్షేపంలా ఉంది. టుంపల్‌కి ఎంత సంతోషం వేసిందంటే, పక్కనున్న ముక్కూ మొహం తెలియని ఆయనకి కూడా మూత తీసి చూపించాడు.

స్టేషన్ పేరు చెప్పారు. హలీమ్.

"ఇక్కడే దిగాల్సింది నువ్వు," అన్నాడు మెట్లు దిగుతూ.

"దిగాం కదా," అంది ఆవిడ.

తలుపు కొట్టగానే రుగున్ వచ్చింది. ఒక చెయ్యి నడుము మీద, ముఖం ఇంత పొడుగు. "కొడుకు వైపు దిగినదానివి, మళ్ళీ ఇటెందుకు శ్రమ—" అని మొదలుపెట్టి, అమ్మ వెనకాల మనిషిని చూసి ఆగిపోయింది. పసుపు చొక్కా, చేతుల్లో డబ్బా. దారి పొడుగునా ఏం మాట్లాడాలో టుంపల్ మనసులో అనుకుంటూనే వచ్చాడు. తీరా అక్కడ ఒక్కటీ గుర్తు రాలేదు.

"తోక విరగలేదు," అన్నాడు.

రుగున్ చొక్కా వంక చూసింది, అన్న ముఖం వంక చూసింది. నవ్వబోయి ఏడ్చేసింది. ఆవిడ భర్త బిన్సార్ లోపల్నుంచి వచ్చి, "రా బావా, లోపలికి రా," అని పెట్టె అందుకున్నాడు. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడగనందుకు టుంపల్ అతన్ని ఆ క్షణం నుంచీ ఇష్టపడ్డాడు.

చాప పరిచారు. చేపని పెద్ద పళ్ళెంలోకి మార్చి, తల రుగున్ వైపు ఉండేలా ఒక పక్క అమ్మ, ఒక పక్క టుంపల్ పట్టుకున్నారు. నాన్న ఉండాల్సిన పక్క. అమ్మ దీవెన మాటలన్నీ చెప్పి కొడుకు వైపు చూసింది.

"ఈ చేపలాగే," అన్నాడు టుంపల్. "ఏ లోటూ లేకుండా, ఇద్దరూ నిండుగా ఇంటికి రండి. మామ వాకిట్లోనే ఉంటాడు."

మొదటి ముద్ద అతనే పెట్టాడు. రుగున్ కళ్ళు మూసుకుని నమిలింది. అందరూ తింటుండగా అమ్మ అడిగింది, "మళ్ళీ పురిటికి రావాలి కదా, ఈసారి ఎక్కడ దిగమంటారు?"

రుగున్ పళ్ళెంలో ఇంకో ముద్ద కలుపుకుంది.

"హలీమ్‌లో దిగమ్మా," అన్నాడు టుంపల్. "నేను ముందురోజే వచ్చి ఇక్కడ పడుకుంటాను."

"అమ్మా," అంది రుగున్, "మా ఇంట్లో పరుపు ఒక్కటే ఉందని అన్నయ్యకి చెప్పు."

"నాకు చాప చాలని చెల్లాయికి చెప్పమ్మా."

ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇద్దరి పళ్ళేల్లోనూ ఇంకాస్త అన్నం వడ్డించింది.