పొట్టి కేబుల్

ప్రయోగశాలలో అద్దాలు తుడవడం, మరలు బిగించడం, కేబుళ్లు తగిలించడం నా పని. పెద్ద చదువు లేదు. మూడేళ్లుగా చీకటి గదిలోనే కూర్చున్న పరిశోధకురాలిని అందరూ గుడ్లగూబ అనేవాళ్లు. ఆమె నన్ను బాబాయ్ అనేది.

స్ఫటికంలోంచి కాంతికణాలు కవలల్లా జంటగా పుడతాయి. ఒకదాని మెలికను బట్టి రెండోదాని మెలిక ఉంటుంది. మామూలుగా రెండు రకాల మెలికల్లో చూపే ఆ బంధాన్ని ఆమె పదకొండింటిలో చూపింది. వ్యాసం అచ్చుకు ఒప్పుకున్నారు. దాని మీదే ఆమె ఉద్యోగం ఆధారపడి ఉంది. లేకపోతే నెలాఖరుకు గది ఖాళీ చెయ్యాలి.

కవలలు కానివి కూడా అప్పుడప్పుడు రెండువైపులా ఉన్న లెక్కింపు పరికరాలకు ఒకే క్షణంలో చేరుతాయి. వాటిని లెక్కలోంచి తీసెయ్యాలి. ఒకవైపు పొడవాటి కేబుల్ పెట్టి ఆలస్యం చేస్తే అసలు కవలలు కలవవు. కలిసినవన్నీ దారిన పోయేవే. ఆ కొలత తీసింది నేనే.

సోమవారం సొరుగు సర్దుతుంటే ఆ పొడవు కేబుల్ సీలు విప్పకుండానే కనిపించింది. ఆ రోజు నేను పెట్టింది పక్కనున్న పొట్టిది. కవలలు కొన్ని కలుస్తూనే ఉన్నాయి. వాటినీ పరాయివాటిలో కలిపి తీసేశాం. తియ్యాల్సినదానికంటే ఎక్కువ తీసేయడంతో మచ్చలన్నీ పోయి, వ్యాసంలో గీత అంత అందంగా వచ్చింది. చెప్పకపోవడం కూడా అబద్ధమేనా అని దేవుణ్ణి అడిగాను.

మర్నాడు నన్ను చూడగానే, "ఏం బాబాయ్, మొహం వేలాడేశావ్? పిన్ని తిట్టిందా?" అంది.

చెప్పేశాను.

"సీలు విప్పు" అంది, అంతే.

పొడవు కేబుల్‌తో మళ్లీ కొలిస్తే, మధ్యాహ్నానికి పదకొండు కాస్తా మూడైంది.

"మూడున్నా బంధం ఉన్నట్టే కదమ్మా?"

"ఉంది. మూడు ఎవరో ఎప్పుడో చూపించేశారు బాబాయ్. పాత చింతకాయ పచ్చడి."

వ్యాసం వెనక్కి తీసుకుంటున్నట్టు ఉత్తరం రాసింది. తప్పు తనదేనని రాసుకుంది.

"నా పేరు రాయి తల్లీ."

"ఇద్దరం మునిగితే ఒడ్డున ఏడ్చేవాళ్లెవరు?" అంది. ఉత్తరం మరోసారి చదువుకుంటూ, "ఒక్క నెల ఆగి చెబుదామని అనిపించలేదా?" అని అడిగింది.

"అనిపించింది."

"నేనైతే ఆగేదాన్ని" అంటూనే ఉత్తరం పంపేసింది.

నెలాఖరున గది తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఇంట్లో జరిగిందంతా చెప్పాను.

"నిజం చెప్పారు కదా, దేవుడు చూసుకుంటాడులెండి" అంది మా ఆవిడ.

"ఎవర్ని?" అన్నాను.