సీలు తీసిన ఆట

అద్దాల బీరువా తుడవడం ఆదివారం పని. అందులో భర్త పోగేసిన నూట నలభై వీడియో గేములు, అన్నీ సీలు తీయనివే. పొడిగుడ్డతోనే తుడవాలి, అంచులు నొక్కకూడదు, వరస మారకూడదు. పెళ్ళైన కొత్తలో ఆమె నోరు జారి, ఒకటి ఆడదామా అని అడిగింది. భర్త నవ్వి, "పిచ్చిదానా, ఇవి ఆడుకోవడానిక్కాదు" అన్నాడు. గేములేమిటి, ఆడుకోవడానికి కాకపోవడమేమిటి! ఆ మాట ఎవరితో అంటుంది?

పెళ్ళికి ముందు ఆమెకూ ఒక ఆట ఉండేది. చెల్లీ తనూ సెకండ్‌హ్యాండ్ మెషీన్ మీద, ఒకే కంట్రోలర్ చేతులు మార్చుకుంటూ, నావ నడిపి దీవులు వెతికేవారు. చివరి దీవి చేరకముందే పెళ్ళైపోయింది. పన్నెండేళ్ళకి, ఈ శుక్రవారం, దాని రెండో భాగం విడుదలైంది. మొదటిరోజు కొన్న పెట్టెకే విలువట, మనిషికి ఒకటే ఇస్తారట. అతనికేమో మీటింగు. "నువ్వు సెలవు పెట్టెయ్, నీదేముంది" అన్నాడు. ల్యాబ్ కౌంటర్లో పొద్దస్తమానం నిలబడి రిపోర్టులిచ్చే ఆమె ఉద్యోగం అతనికెప్పుడూ అంతే. జ్వరమొచ్చినా మాత్ర మింగి డ్యూటీకెళ్ళి దాచుకున్న సెలవుల్లో అది ఆఖరిది.

మూడు గంటలు లైన్లో నిలబడింది. ముందూ వెనకా అంతా కాలేజీ పిల్లలే. మీ బాబుకాండీ అని షాపతను అడిగితే, "నాకే" అంది. దారంతా ఆ మాటే తలుచుకుని నవ్వుకుంది.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా గోటితో ప్లాస్టిక్ చింపేసింది. భర్త సినిమాలు చూడ్డానికే వాడే గేమ్ మెషీన్‌లో డిస్క్ పెట్టింది. అప్‌డేట్ కావాలంది అది. విడుదల రోజు అందరికీ ఇంతేనట, మూడు గంటలు పడుతుందట. సోఫా అంచున కూర్చుని శాతాలు చూసింది. పదకొండు దగ్గర అత్తయ్య మందులడిగింది. నలభై దగ్గర ఆరిన బట్టలు తీసింది. డెబ్భై దగ్గర కుక్కర్ ఎక్కించి పరుగున వచ్చి కూర్చుంది. తొంభై మూడు దగ్గర భర్త తలుపు తీశాడు.

చిరిగిన ప్లాస్టిక్ చూసి అతని మొహం పాలిపోయింది. ఆమె లేచి నిలబడింది. అరవనీ, ఈసారి నేనూ అరుస్తాను అనుకుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి భయం వేయలేదు.

"ఆడావా?" అన్నాడు.

"ఇంకా లేదు."

డిస్క్ బయటికి తీసి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, హమ్మయ్య అనుకున్నాడు. "గీత పడలేదు, బతికిపోయాం. తెలిసిన షాపులో మళ్ళీ ప్లాస్టిక్ వేయించేస్తా. నువ్వు చింపినట్టు ఎవరికీ తెలీదులే" అన్నాడు, చిన్నపిల్లని బుజ్జగించినట్టు. టీ పెట్టమని చెప్పి స్నానానికి వెళ్ళాడు.

తిట్టినా బాగుండేది. కొట్లాడటానికి కూడా ఏమీ మిగల్చలేదు మనిషి. ఆమె స్టవ్ వెలిగించి, పాలు పొంగకుండా చూసుకుంటూనే ఏడ్చింది. పన్నెండేళ్ళ కాపురంలో కావాలని చేసిన తప్పు అదొక్కటే. దాన్ని కూడా అతనే సరిదిద్దేశాడు.