ఏడో పిల్లర్ మీద మట్టి

సిద్దిపేట పాత బస్టాండు దగ్గరి ఆ రెండంతస్తుల కాంప్లెక్సుకు మెట్లు ముప్పై ఎనిమిది. కట్టిన మనిషి కాబట్టి అజీజ్ మేస్త్రీకి లెక్క గుర్తుంది. పైకి ఎక్కేసరికి మోకాళ్ళు పట్టేశాయి. స్లాబు మీద ఎర్ర రంగుతో గుండ్రాలు గీసి ఉన్నాయి. పన్నెండు. ఒక్కొక్కటీ బండి చక్రమంత.

"ఇవేంది పటేలా?" అన్నాడు.

"పిల్లర్ల నెత్తులు చాచా" అన్నాడు మహేందర్. "బరువంత పిల్లర్ మీదనే పడాలని సతీశ్ సార్ గీయించిండు. గాటి మీద ఇటుక పెట్టెలు కట్టి, మట్టి నింపి చెట్లు పెడ్తం. నడుమ సోలార్ పలకలు. మిగిలిన జాగల నీ సున్నం."

కింద మహేందర్‌దే బట్టల దుకాణం. పైన బ్యాంకు కిరాయికి ఉంది. ఎండాకాలం ఏసీలు పొద్దంతా మొత్తుకున్నా హాలు చల్లబడలేదని, ఖాళీ చేస్తామని బ్యాంకువాళ్ళు కాగితం ఇచ్చారు. కూలగొట్టి కొత్తది కట్టమన్నారు కొందరు. మహేందర్ వినలేదు. ఉన్నదాన్నే చల్లగా చేస్తానన్నాడు. పైన పచ్చగా, తెల్లగా ఉంటే కరెంటు సగం తగ్గుతుందని హైదరాబాదు నుంచి సతీశ్ అనే ఇంజనీరును తెచ్చాడు. బెల్లం నీళ్ళు, కరక్కాయ పోసి సున్నం నానబెట్టడం ఇప్పటివాళ్ళకు రాదని అజీజ్‌ను పిలిచాడు.

అజీజ్ గుండ్రాల మీదుగా నడిచాడు. ఏడోదాని దగ్గర కాళ్ళు ఆగిపోయాయి.

దాని కింద, బ్యాంకు హాల్లో పిల్లర్ ఉంది. దాని కింద, దుకాణంలో లేదు.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి సంగతి. ఈ జాగలో ముగ్గు పోసింది అజీజే. ఏడో పిల్లర్ నిలువెత్తు లేచాక మహేందర్ తల్లి లక్ష్మీబాయి వాస్తు చెప్పే ఆయనను తీసుకొచ్చింది. ద్వారానికి పిల్లర్ ఎదురొస్తే ఇంటాయనకు మంచిది కాదన్నాడు ఆయన. ఆమె పట్టుబట్టింది. భర్త చంద్రశేఖర్ సరే జరుపుమన్నాడు. ఉన్నది పగులగొట్టి మూడడుగులు పక్కకు లేపారు. పై అంతస్తులో మాత్రం వరస వంకర పడకూడదని పిల్లర్‌ను మళ్ళీ పాత చోటనే, ఉత్త బీమ్ మీద నిలబెట్టారు. అజీజ్ ఆ బీమ్‌లో రెండు చువ్వలు ఎక్కువ వేశాడు. డ్రాయింగు మారలేదు.

"గిది మనిద్దరి నడుమనే ఉండాలె అజీజ్" అన్నాడు చంద్రశేఖర్.

ఉంది. చంద్రశేఖర్ పోయి నాలుగేళ్ళయింది. ఆ స్లాబు ఇన్ని వానల్లో ఒక్క చుక్క కారలేదు. అజీజ్ కట్టిన గోడకు గుండుదారం వేసి చూడనక్కర్లేదని ఊళ్ళో పేరు. అతనికి ఉన్నదల్లా ఆ పేరే.

"ఏడో పెట్టె జర పక్కకు జరుపున్రి" అన్నాడు. "గాడ నీళ్ళు దిగుతయి."

సతీశ్ కాగితంలోంచి తలెత్తి నవ్వాడు. "నీళ్ళు దిగకుండ చేయనీకే గద మేస్త్రీ నిన్ను పిలిచింది!"

మట్టి మోసే ముఠా పెద్ద దుబ్బయ్య పకపకా నవ్వాడు. "మేస్త్రీకి సున్నం మీద నమ్మకం తప్పినట్టుంది!"

అజీజ్ వెనక్కి తిరిగాడు. సున్నం తొట్టి దగ్గరికి పోయి కర్రతో కలపడం మొదలుపెట్టాడు.

ఇంట్లో ఆ పూట కంచం ముందు కూర్చున్నాడు.

"అన్నం ముంగట పెట్టుకొని కప్పు దిక్కు చూస్తున్నవేంది?" అంది భార్య హుస్సేన్ బీ.

"ఏం లేదు."

"నలభై ఏండ్ల సంది గిదొక్కటే చెప్తున్నవ్. ఇంకో మాట నేర్చుకోరాదు?"

అతను చెయ్యి కడుక్కున్నాడు. బీమ్ గట్టిదే అనుకున్నాడు. రెండు చువ్వలు ఎక్కువున్నాయి. ఇన్నేళ్ళు మోసింది, ఇంకొంత మోయదా అనుకున్నాడు. కానీ పెట్టె ఐదడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. మట్టి పొడిగా ఉంటే ఒక సంగతి. వాన తాగితే ఇంకో సంగతి.

మూడు రోజుల్లో పెట్టెలన్నీ లేచాయి. నాలుగోనాడు కొండపాక నుంచి ట్రాక్టర్లలో ఎర్రమట్టి వచ్చింది. దుబ్బయ్య మనుషులు మధ్యాహ్నానికల్లా పన్నెండూ నింపేశారు. ఏడోదాంట్లో నిమ్మచెట్టు పెట్టడానికి గుంత కూడా తీశారు. అజీజ్ అటు వీపు తిప్పి సున్నం పూస్తూనే ఉన్నాడు.

దాహమేసి కిందికి దిగాడు. దుకాణం నిండా పెండ్లి బట్టలు కొనేవాళ్ళు. ద్వారం పక్కన కుర్చీలో లక్ష్మీబాయి కూర్చుని వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తోంది. అజీజ్‌ను చూసి చెంబు అందించింది.

"అజీజూ, గీ అద్దం తలుపు సంగతి చూడు. నిన్నటిదాక మంచిగనే పడ్డది. పొద్దటిసంది నెత్తి మీద ఒరుసుకుంటున్నది."

చెంబు సగంలో ఆగిపోయింది. అజీజ్ తలుపు చౌకట్టు దగ్గరికి పోయాడు. సంచిలోంచి దారం తీసి చౌకట్టు పైకమ్మి కింద ఈ కొస నుంచి ఆ కొసకు లాగి పట్టాడు. పైనున్న బీమ్ వంగి, నడుమ కమ్మి దారాన్ని వేలి మందాన కిందికి నొక్కుతోంది.

బయటికి చూశాడు. ఆకాశం నల్లగా అయింది. గాలి ఆగిపోయింది.

"ఏమైంది?" అంది లక్ష్మీబాయి.

"అమ్మా, నువ్వు జర రోడ్డుకు పో."

ముప్పై ఎనిమిది మెట్లూ ఆగకుండా ఎక్కాడు. పైన ఊపిరి అందక పిట్టగోడ పట్టుకున్నాడు.

"ఏడో పెట్టె ఖాళీ చెయ్యున్రి."

"మళ్ళ నీళ్ళేనా?" అన్నాడు సతీశ్.

"నీళ్ళు గాదు. కింద పిల్లర్ లేదు."

ఎవరూ నవ్వలేదు. సతీశ్ డ్రాయింగు విప్పాడు. "ఇదిగో, ఏడు. మున్సిపాలిటీ ముద్ర ఉంది. బ్యాంకుల నా కండ్లతోని చూసిన."

"బ్యాంకుల ఉంది. దుకాణంల మూడడుగులు పక్కకుంది. చెక్కలు, అద్దాలు కప్పినయి. నువ్వు విప్పి చూసినవా?"

సతీశ్ మహేందర్ వైపు తిరిగాడు. పెండ్లిళ్ళ సీజన్, దుకాణంలో ఏదీ పీకొద్దని చెప్పింది మహేందరే.

"మా బాపు తప్పుడు కట్టడం కట్టించిండంటవా చాచా?" మహేందర్ గొంతు లేచింది. "ఆయన లేడని ఏదంటే గది మాట్లాడుతవా?"

"బాపు చెప్పిండు. కట్టింది నేను."

"నాలుగు రోజులసంది ఈడనే ఉన్నవ్ గద! ఇయ్యాల యాదికొచ్చిందా?"

అజీజ్ దుబ్బయ్య చేతిలోని పార లాక్కున్నాడు. పెట్టెలో దింపి మట్టి ఎత్తి పక్కకు పోశాడు. ఇంకో పార. మూడోదానికి నడుము పట్టేసింది. మొదటి చినుకు ఎర్రమట్టి మీద పడి చిన్న గుంత చేసింది.

"ఆగు చాచా! సార్ చెప్పేదాక ముట్టుకోకు" అన్నాడు మహేందర్.

కింద ఏదో పెళ్ళున పగిలింది. ఆడవాళ్ళ కేకలు. మహేందర్ ఫోన్ మోగింది. తల్లి గొంతు అందరికీ వినిపించింది.

"బిడ్డా, ద్వారం అద్దం పలిగింది. ఎవ్వలు ముట్టలేదు. దానంతటదే తుకుడ తుకుడ అయింది."

మహేందర్ అజీజ్ వైపు చూశాడు. "అమ్మా, గీడ అజీజ్ చాచా ఏమో చెప్తుండు. ద్వారం కాడి పిల్లర్..."

"జరిపించింది నేనే" అంది లక్ష్మీబాయి. "మీ బాపుకు కీడన్నరని నేనే పట్టుబట్టిన. అజీజ్ చెప్పేది ఇనుర్రి."

అజీజ్ పార మీద వాలి అన్నాడు. "దుకాణం, బ్యాంకు రెండు ఖాళీ చేయించు. సార్, బీమ్ కింద పోటు పెట్టనీకి సెంట్రింగ్ జాకీలు తెప్పియ్యి. దొరికినన్ని."

సతీశ్ అప్పటికే మెట్ల దగ్గర ఉన్నాడు.

వాన ఒక్కసారిగా దిగింది. దుబ్బయ్య మనుషులు ఎనిమిది మంది పెట్టె చుట్టూ చేరి పారలతో, గంపలతో, కొందరు ఉత్త చేతులతో మట్టి తోడారు. తోడేకొద్దీ అది తడిసి బరువెక్కింది. తీసింది పక్కన పోయొద్దని, మూలనున్న పిల్లర్ వైపు మోయమని అజీజ్ అరిచాడు. అతను అంత గట్టిగా అరవడం దుబ్బయ్య ఎన్నడూ వినలేదు. మహేందర్ ఇస్త్రీ అంగీతోనే మోకాళ్ళ మీద కూర్చుని తోడుతున్నాడు. పెట్టె అడుగు కనిపించింది. ఇటుకలు కూడా ఊడదీశారు.

కింద సతీశ్, అజీజ్ ఇద్దరే లోపలికి పోయారు. పై కప్పు పలకలు పీకితే బీమ్ బయటపడింది. మధ్యలో పగులు, లోపల టిక్కుటిక్కుమనే చప్పుడు. అజీజ్ నిచ్చెన ఎక్కి అందులో చిటికెన వేలి గోరు పెట్టాడు. గోరు దూరింది. సతీశ్ జాకీ అందించాడు. ఒకటి, రెండు, ఆరు. చివరిదాన్ని బిగించి అజీజ్ కాసేపు బీమ్‌కు చెవి ఆనించాడు. ఆ చప్పుడు ఆగింది.

బయటికి వచ్చేసరికి రోడ్డుకు అటువైపు జనం గొడుగుల కింద, అంగళ్ళ చూరుల కింద నిలబడి చూస్తున్నారు. బ్యాంకు వాళ్ళు, పెండ్లి బట్టల సంచులతో ఆడవాళ్ళు, అందరూ ఉన్నారు.

"ఎవడు కట్టిండ్రా గిట్ల?" అన్నాడు ఎవరో. "జనం సద్దురు గద!"

మహేందర్ నోరు తెరిచాడు. అజీజ్ అతనికంటే ముందే అన్నాడు.

"నేనే."

జనంలో గుసగుస లేచింది. లక్ష్మీబాయి తడిసిన కొంగు తల మీద కప్పుకుని అతని పక్కకు వచ్చి నిలబడింది.

పది రోజుల తర్వాత ద్వారానికి సూటిగా ఇనుప పిల్లర్ నిలిచింది. ముహూర్తం అడగాలా అంటే లక్ష్మీబాయి కొడుకు మీద కసురుకుంది. చెట్ల పెట్టెలన్నీ తీసేశారు. పందిరి తీగెలు చాలన్నాడు సతీశ్. ఈసారి ప్రతి పిల్లర్‌నూ చెక్కలు విప్పించి, తట్టి చూశాకే చెప్పాడు. అజీజ్‌కు ఆ పది రోజుల్లో కొత్త పనికి పిలుపు ఒక్కటీ రాలేదు.

అతను సున్నం పూర్తిచేశాడు. స్లాబంతా కళ్ళు చెదిరేలా తెల్లబడింది. కిందినుంచి బ్యాంకు మనిషి వచ్చి, హాల్లో ఒక ఏసీ బంద్ పెట్టినామని చెప్పిపోయాడు.

ఏడో గుండ్రం మాత్రం ఎర్రగా మిగిలింది.

"గది ఇడిసినవ్ చాచా" అన్నాడు మహేందర్.

"తెల్సు. ఎక్కినోనికి కనవడాలె."

కుంచె కడిగి, బకెట్ నీళ్ళు వంపి, అజీజ్ మెట్లు దిగాడు.