ఎడమ పక్కన చెంచా

వంటాయన నోట్లో నాలుక ఉంది గానీ రుచి లేదు. ఏడు నెలల కిందట వచ్చిన జ్వరం పోతూ పోతూ, అద్దెకున్నవాడు ఇల్లు ఖాళీ చేస్తూ బల్బులు కూడా విప్పుకుపోయినట్టు, రుచినీ వాసననీ మూట కట్టుకుని పోయింది. మొదటి వారం జ్వరపు నోరు కదా అనుకున్నాడు. రెండో వారం పచ్చిమిరపకాయ కొరికి చూశాడు. నోరు మండింది, కళ్ళ నీళ్ళు కారాయి, మిరపకాయ మాత్రం తగల్లేదు. మూడో వారం చిటికెడు ఉప్పు నాలుక మీద వేసుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఇసుక వేసుకున్నట్టే ఉంది.

ఆయన వండే హోటలు పెద్దదేం కాదు. వీధి మలుపులో, టైర్ల కొట్టుకీ ఇస్త్రీ కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. పైన బోర్డు మీద హలాల్ అని ఆకుపచ్చ అక్షరాలు, లోపల పొడవాటి కౌంటరు, దాని మీద అద్దం, అద్దం వెనక వేడినీళ్ళలో దిగబడ్డ స్టీలు గిన్నెలు. పప్పు, శెనగల కూర, కోడికూర, మాంసం కూర, అన్నం, రొట్టె. వచ్చినవాళ్ళు ట్రే పట్టుకుని వరసలో నిలబడి "అది కాస్త, ఇది కాస్త, పులుసు ఇంకొంచెం" అని వేలుపెట్టి చూపిస్తారు. ఎవరి ట్రే వాళ్ళే మోసుకుపోయి తింటారు. టాక్సీవాళ్ళు, ఆసుపత్రి ఆయాలు, గోడలకి రంగులేసేవాళ్ళు అంతా అక్కడికే వస్తారు. ధర తక్కువ, కడుపు నిండుతుంది. కుర్చీ కాస్త ఊగుతుంది, అంతే.

హోటలు ఆయన తమ్ముడిది. తమ్ముడు ముందు కూర్చునేవాడు, ఈయన వెనక వండేవాడు. రెండేళ్ళ కిందట తమ్ముడు గుండె ఆగి పోయాడు. అప్పటినుంచి కౌంటరు వెనక మరదలు నిలబడుతోంది. వంటాయనకి పెళ్ళి లేదు, పిల్లలు లేరు. ముప్పై ఏళ్ళుగా ఆయన సంసారమంతా ఆ నాలుగు పొయ్యిలే. రుచి తెలియదని బయటపడితే పొయ్యి దగ్గర ఎవరుంచుతారు? అప్పుడు తమ్ముడి భార్య పెట్టింది తిని మూల కూర్చునే బావగారైపోతాడు. ఆ మాట తలపుకొస్తే చాలు, ఆయన పొయ్యి దగ్గరికి ఇంకో అడుగు జరిగేవాడు.

ఉల్లిపాయ ఎర్రబడితే కంటికి తెలుస్తుంది. నూనె కాగితే చెవికి తెలుస్తుంది. మాంసం ఉడికిందీ లేనిదీ గరిటెకి తెలుస్తుంది. ఉప్పు ఒక్కటే, ఎవరికీ చెప్పకుండా కరిగిపోయే దొంగ. పోనీ చెంచాతో కొలుద్దామా అంటే, మాంసం ఒకరోజు ఎక్కువ వస్తుంది, ఒకరోజు తక్కువ వస్తుంది. పైగా ముప్పై ఏళ్ళు పిడికిలితో విసిరిన మనిషి చెంచా పట్టుకుంటే మరదలు ఇట్టే పసిగట్టేస్తుంది.

అందుకని ఆయన చివరికి బడాయి మామ చెవిన వేశాడు.

బడాయి మామ అంటే ఎదురు వరసలో తాళాలు బాగుచేసే మేస్త్రి. ఆయన కోతలు వింటే కోటలే కూలతాయి. బ్యాంకు ఇనప్పెట్టె తెరుచుకోకపోతే తనని పిలిచారనీ, తను గుమ్మంలో నిలబడి దగ్గగానే తెరుచుకుందనీ చెప్పేవాడు. వాళ్ళ ముత్తాత చేసిన తాళానికి చెవే లేదట, ముద్దుపేరు పెట్టి పిలిస్తే తెరుచుకునేదట. మధ్యాహ్నం రద్దీకి ముందే, పదకొండింటికే వచ్చి, వంటింటి కిటికీ పక్క బల్ల దగ్గర మొదటి ప్లేటు తినడం ఆయన అలవాటు.

"ఉప్పు ఎలా ఉంది?" అని ఆ రోజు వంటాయన కిటికీలోంచి అడిగాడు.

"ఉప్పా? ఒకసారి నేను ఓడలో పోతుంటే సముద్రంలో ఉప్పు అయిపోయిందయ్యా. కెప్టెను నా దగ్గరికొచ్చి..."

"నిజం చెప్పు."

"నిజమా? ఆ సరుకు నా కొట్లో ఎప్పుడైనా చూశావా?"

వంటాయన మెడ కిటికీలోంచి బయటికి పెట్టి, గొంతు తగ్గించి ఉన్నదున్నట్టు చెప్పాడు. బడాయి మామ నమలడం ఆపేశాడు. ఆయన నోరు అంతసేపు ఊరికే ఉండటం వంటాయన చూడటం అదే మొదటిసారి.

"సరేలే," అన్నాడు చివరికి. "నీది బాగయ్యేదాకా నా నాలుక వాడుకో. చాలా మందిని భరించింది, నిన్నూ భరిస్తుంది."

కౌంటరు నాలుగడుగుల దూరంలోనే ఉంది. మాట్లాడితే మరదలికి వినబడుతుంది. అందుకని ఇద్దరూ ఒక గుర్తు పెట్టుకున్నారు. రుచి చూశాక చెంచా ప్లేట్లోనే ఉంచితే ఉప్పు సరిపోయినట్టు. కుడి పక్కన పెడితే తక్కువ. ఎడమ పక్కన పెడితే ఎక్కువ. కిటికీలోంచి చెంచా చూసుకుని వంటాయన గిన్నె సరిచేసి కౌంటరు మీదికి పంపేవాడు.

నాలుగు నెలలు బండి సాఫీగా నడిచింది. వరస గుమ్మం దాటి బయటికి పాకేది. ఆ తర్వాతే చెంచా ఎడమకి తిరిగింది.

మొదట ఒకటి రెండు రోజులు. తర్వాత రోజూ. వంటాయన పిడికిలి తగ్గించాడు. చెంచా మళ్ళీ ఎడమ పక్కనే. ఇంకా తగ్గించాడు, మూడు వేళ్ళతో వేశాడు. అయినా ఎడమ పక్కనే. నా చెయ్యి కూడా పాడైందన్నమాట అనుకున్నాడు. నాలుక ఎలాగూ పోయింది, ఇప్పుడు చెయ్యి. చెవులూ కళ్ళూ ఎప్పుడు సెలవు తీసుకుంటాయో అని రాత్రిళ్ళు పడుకుని ఎంచుకునేవాడు.

అవతల బల్లల మీద ఉప్పు సీసాలు ఖాళీ అవడం మొదలైంది. వారానికోసారి నింపేవి రోజుకి మూడుసార్లు నింపాల్సి వచ్చింది. మరదలు మాట్లాడకుండా నింపేది. ఒకరోజు ముసలి టాక్సీ డ్రైవరు కిటికీ దగ్గరకొచ్చాడు.

"ఏం పెద్దాయనా, ఉప్పు మీద అలిగావా? పథ్యం తిన్నట్టుంది."

"పొగతాగి పొగతాగి నీ నాలుకకి తుప్పు పట్టింది. పోయి గీకించుకో," అన్నాడు వంటాయన.

డ్రైవరు నవ్వాడు. మర్నాటినుంచి రాలేదు. ఆయన వెనకాలే ఇంకో నలుగురు రాలేదు. వరస గుమ్మం లోపలికి వచ్చింది, తర్వాత సగానికి వచ్చింది. లోకమంతా ఒక మాట అంటుంటే చెంచా ఇంకో మాట అంటోంది. వంటాయన చెంచానే నమ్మాడు. స్నేహితుడి మాట ఏనాడూ నమ్మనివాడు, ఆయన చెంచాని మాత్రం కళ్ళకద్దుకున్నాడు.

అప్పుడు రెండు రోజులు బడాయి మామ రాలేదు. ఎదురు వరసలో షట్టరు దించి ఉంది. రెండు రోజులూ వంటాయన గుడ్డిగానే వండాడు.

మూడోనాడు మధ్యాహ్నం, వరసలో ఏడెనిమిది మంది ఉండగా, ఒకామె ట్రే తీసుకోకుండా తిన్నగా కౌంటరు దగ్గరికి వచ్చింది. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే మనిషి, భుజం మీద దారపు ముక్కలు ఇంకా అంటుకునే ఉన్నాయి. బడాయి మామ కూతురు.

"మా నాన్నకి రోజూ ఇక్కడ ప్లేటు పెట్టేదెవరు?"

వంటాయన చేతిలో గరిటెతోనే వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "నేనేనమ్మా. ఏమైంది?"

"ఆసుపత్రిలో పడి ఉన్నాడు. ఒళ్ళంతా నీరు పట్టింది. మూడు నెలల కిందటే డాక్టరు చెప్పాడు, కిడ్నీలు పాడవుతున్నాయి, ఉప్పు వద్దు, మాంసం వద్దు అని. ఇంట్లో ఉప్పు డబ్బా తీసి అటక మీద పెట్టాను. ఆయనొక్కడికీ చప్పిడి పెడితే మనసు కష్టపెట్టుకుంటాడని నేనూ చప్పిడే తింటున్నాను. ఈయనేమో పదకొండు కొట్టేసరికి ఇక్కడికొచ్చి కూర్చుంటున్నాడట! అడిగితే ఏమన్నాడో తెలుసా? 'ఆ హోటల్లో ఫ్యాను గాలి బాగుంటుందే' అన్నాడు."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె అటు తిరిగి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"నవ్వండి. నోరు కట్టుకోలేని మనిషి. నాలుగు ముద్దల కూర కోసం కన్నకూతుర్ని మోసం చేశాడు. రేపు ఆయన పోతే అందరూ ఇదే కదా చెప్పుకునేది, తిని తిని పోయాడని?"

మూడు నెలలు. వంటాయన తలలో చెంచా ఒక్కసారిగా దాని జాగాకి వచ్చి పడింది. మూడు నెలలుగా ఇంట్లో ఉప్పు తగలని నాలుక అది. దానికి చిటికెడు కూడా సముద్రమే. చెయ్యి తప్పలేదు. తాను నమ్ముకున్న నాలుకే తప్పింది. అయినా ఆ మనిషి వద్దన్న తిండి తింటూ, రోజూ చెంచా తీసి పెడుతూనే ఉన్నాడు.

"అడిగాడమ్మా, పెట్టాను" అంటే సరిపోయేది. ఆ అమ్మాయి నాలుగు తిట్లు తిట్టి పోయేది, పొయ్యి మిగిలేది. బడాయి మామని అడిగితే ఆయన కూడా అదే చెప్పమనేవాడు. మరదలు పక్కనే నిలబడి తన ముఖంలోకి చూస్తోంది. వరసలో ఎనిమిది ట్రేలు కదలకుండా ఉన్నాయి.

గరిటె కౌంటరు మీద పెట్టాడు.

"అమ్మా, మీ నాన్న ఆశపడి రాలేదు. నా కోసం వచ్చాడు. ఏడు నెలలుగా నాకు రుచి తెలీదు. ఉప్పు తెలీదు, పులుపు తెలీదు, ఏదీ తెలీదు. ఆయన తిని చెబితేనే నేను గిన్నె బయటికి పంపేవాణ్ణి. డాక్టరు వద్దన్నాడని నాకొక్క ముక్క చెప్పలేదు. చెప్పుంటే ఈ వంట ఎప్పుడో మానేసేవాణ్ణి. తిట్టాలంటే నన్ను తిట్టు. తిండిపోతని ఆయన్ని అనకు."

ట్రే పట్టుకున్న ఒకాయన దాన్ని మెల్లగా దొంతర మీద పెట్టి బయటికి పోయాడు. ఆయన వెనక ఇంకొకరు. అమ్మాయి కోపానికి నిలబడే చోటు లేకపోయింది. "మూడో అంతస్తు. ఆడవాళ్ళ వార్డు దాటాక," అని మాత్రం చెప్పి, ముఖం తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

హోటలు ఖాళీ అయ్యాక మరదలు ఒక బల్ల దగ్గర కూర్చుంది. ఆయన నిలబడే ఉన్నాడు.

"ఏడు నెలలు నాకు చెప్పలేదు, బావగారూ."

"చెబితే పొయ్యి దగ్గర ఉంచేదానివా?"

ఆమె కాస్త ఆలోచించి, "ఉంచేదాన్ని కాదు," అంది.

"మరి?"

"మరి నేను మటుకు చెప్పానా? రోజూ మిగిలింది నేనే తింటున్నాగా. చప్పగా ఉందని మొదటిరోజే తెలిసింది. మీ తమ్ముడి బెంగతో చెయ్యి ఆడటం లేదేమో అనుకున్నా. బావగారి వంటకి వంక పెట్టడానికి నాకు నోరెలా వస్తుంది? సీసాలు నింపుకుంటూ కూర్చున్నా." ఆమె బల్ల మీది ఉప్పు సీసాని చేత్తో దూరం జరిపింది. "ఒక్కరోజు 'ఉప్పు తగ్గింది బావగారూ' అనుంటే ఆ ముసలాయన మంచం పట్టేవాడు కాదు."

మర్యాద కూడా మనుషుల్ని మంచమెక్కిస్తుందని ముప్పై ఏళ్ళ వంటలో ఆయనకి తెలియలేదు.

"రేపటినుంచి పొయ్యి నేను చూసుకుంటాను," అంది మరదలు. "మీరు ముందు నిలబడండి. వడ్డించండి. మూల కూర్చోడాలు ఏమీ వద్దు, నాకు కుదరదు."

ఆయన తలూపాడు. నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పుతుంటే ముడి రాలేదు. ఆమే లేచి వెనక్కొచ్చి విప్పింది.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాడు. బడాయి మామ కాళ్ళు దుప్పటి కింద రెండు దిండుల్లా ఉన్నాయి. ముఖం ఉబ్బి, కళ్ళు చిన్నవై, ఎవరో ఆయన వేషం వేసుకుని పడుకున్నట్టు ఉంది. మళ్ళీ షట్టరు ఎత్తే రోజు వస్తుందో రాదో డాక్టరు చెప్పలేదట.

"వెర్రివాడా," అన్నాడు చూడగానే. "అంతా కక్కేశావటగా. అమ్మాయి చెప్పింది. తిండిపోతు అంటే అననీ! నేను అంతకంటే గొప్ప పేర్లు మోశాను. నీ పొయ్యి పోయిందిగా ఇప్పుడు?"

"పోయింది."

"నేనంత కష్టపడి దాస్తే!"

"డాక్టరు చెప్పిన రోజే ఎందుకు మానెయ్యలేదు?"

బడాయి మామ పైకప్పు వంక చూశాడు. ఓడలూ ఇనప్పెట్టెలూ ఏవీ రాలేదు. "మానేద్దామనే వచ్చా ఆ రోజు. కిటికీలోంచి నువ్వు చెంచా వంక చూస్తున్నావు, పరీక్ష ఫలితాల కోసం చూసినట్టు. రేపు చెబుదాంలే అనుకున్నా." ఊపిరి తీసుకున్నాడు. "కొంత ఆశ కూడా ఉందిలే. ఇంట్లో అంతా చప్పిడి. కానీ నీ కూర ఉప్పుకషాయంలా తగిలేదు. నీ చెయ్యే తప్పుతోందనుకున్నా గానీ, నా నాలుక మీద అనుమానమే రాలేదు. నిన్ను బాగా ముంచాను."

"నేను నిన్ను ముంచాను."

"అయితే చెల్లుకి చెల్లు. ఇంక ఆ మాట ఎత్తకు."

ఆయా వచ్చి మంచం పక్క బల్ల మీద గిన్నె పెట్టిపోయింది. ఉప్పు లేని జావ. బడాయి మామ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. పొద్దుటినుంచి ఏమీ తినలేదని పక్క మంచంవాళ్ళు చెప్పారు.

వంటాయన గిన్నె ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక చెంచా తాను తిన్నాడు. గోరువెచ్చగా, జారుగా ఉంది, అంతకుమించి ఏమీ లేదు. ముప్పై ఏళ్ళుగా వండినదేదీ ఇప్పుడు ఆయనకి దీనికంటే వేరుగా ఉండదు. కానీ వంట వరస తలలో చెక్కుచెదరకుండా ఉంది.

రెండో చెంచా తీసుకుని, కళ్ళు సగం మూసి చెప్పడం మొదలుపెట్టాడు. "మాంసం కొట్టువాడు ఈరోజు మెడ ముక్కలు పంపాడు. కడిగి పక్కన పెట్టా. వెడల్పాటి గిన్నె, నూనె ధారాళంగా. వేడెక్కింది. జీలకర్ర వేశా, విన్నావా చిటపట? ఇప్పుడు ఉల్లిపాయ, సన్నగా తరిగింది."

బడాయి మామ గోడవైపు నుంచి మెల్లగా ఇటు తిరిగాడు. కాసేపు విని, నోరు తెరిచాడు.

వంటాయన చెంచా ఇంకా గాలిలోనే ఉంచాడు.

"ఆగు," అన్నాడు. "ఉల్లిపాయ ఎర్రబడనీ."