కప్పుకు తగిలిన మంచం

ఆ ఆసుపత్రిలో పొద్దున్నే ముందు నేల తుడుస్తారు, తర్వాత జ్వరాలు చూస్తారు, ఆ తర్వాత నిచ్చెనలు తెస్తారు. కొండవాళ్ల మంచాలు పైకి లేస్తాయి మరి. డాక్టర్లు పక్కనే నిలబడి, రోగితో కాకుండా తమలో తాము మాట్లాడుకున్న ప్రతిసారీ మంచం జానెడు లేచేది. అదెవరికీ వింత కాదు. నర్సులు నిచ్చెనెక్కి మందులిచ్చి దిగేవారు. ఫ్యాన్లు మాత్రం వేసేవారు కాదు.

ఆ రోజు ఒక అవ్వ మంచం ఏకంగా కప్పుకు తగిలింది. ఆమె కాలి పుండు కుళ్లింది. సాయంత్రంలోగా కోసి శుభ్రం చేయకపోతే విషం ఒళ్లంతా పాకుతుంది. చేతులమీద దించబోతే అవ్వ మంచం పట్టీ వదల్లేదు.

"తాళ్లు కట్టి లాగండి," అన్నాడు పెద్ద డాక్టరు.

లాగారు. మంచం దిగలేదు సరికదా, లాగినవాళ్లే గాల్లో వేలాడారు.

"అవ్వకి చెప్పారా సార్?" అంది కొండ డాక్టరమ్మ. ఆ కొండల్లో పుట్టి డాక్టరైన మొదటి మనిషి ఆమే.

"అల్లుడికి చెప్పాం. సరేనన్నాడు."

"అల్లుడొక్కడు సరేనంటే సరిపోదు సార్. మాలో ఒంటిమీద కత్తి పెట్టాలంటే ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని తలా ఒక మాట చెప్పాలి. ఆఖరి మాట జబ్బుమనిషిది."

"ఇది ఆసుపత్రా, రచ్చబండా?" అన్నాడాయన. గడియారం చూశాడు. కప్పు చూశాడు. "సరే, కానివ్వండి."

గేటు బయట కూర్చున్న బంధువులంతా లోపలికొచ్చారు. డాక్టరమ్మ వాళ్లతో పాటు నేలమీదే కూర్చుని, వాళ్ల మాటలోనే పుండు సంగతి విప్పి చెప్పింది.

"కాలుంటుందా?" అనడిగింది అవ్వ చెల్లెలు.

"ఉంచాలనే చూస్తాం పిన్నీ. కోశాక గానీ తెలీదు."

"ఉంచండమ్మా. కాలు లేకపోతే నామీద పెత్తనానికి ఎలా వస్తుందిది?"

"పాక్కుంటూనైనా వస్తానే!" అంది అవ్వ పైనుంచి.

అందరూ నవ్వారు. మంచం ఒక మూర దిగింది. కూతుళ్లు, అల్లుడు, మనవలు తలా ఒక మాట చెప్పారు. మంచం మనిషెత్తుకు దిగి ఆగిపోయింది.

"ఆ నిలబడ్డాయన ఏమీ అనడేం?" అంది అవ్వ.

"ఆయన మన ఇంటిమనిషి కాదవ్వా," అంది మనవరాలు.

"నా కాలు కోసేవాడు పరాయివాడైతే ఎలాగే?"

పెద్ద డాక్టరు మోకాళ్లు పట్టుకుని మెల్లగా వాళ్ల మధ్య నేలమీద కూర్చున్నాడు. "ఆలస్యమైందని నాకు భయంగా ఉందవ్వా," అన్నాడు. "చెయ్యి మాత్రం వణకదు."

మంచం చక్రాలు నేలను తాకాయి.

"అయితే పదండి," అంది అవ్వ.

కాలు నిలిచింది. ఆపరేషన్ గది బయట చేతులు కడుక్కుంటూ, "రేపట్నుంచి ఈ వార్డుకి పెద్ద మీరే," అన్నాడు పెద్ద డాక్టరు.

"ఆ మాట వార్డును అడగాలి కదా సార్," అంది డాక్టరమ్మ.

మర్నాడు అడిగారు. తలా ఒక మాట అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది.