లక్ష్ముడి ఉప్పు

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర, మందుల షాపు పైగదిలో రాగసుధ దుకాణం. పాడైన డిస్కుల్లోంచీ ఫోన్లలోంచీ పోయిన డేటా వెనక్కి తీయడం ఆవిడ పని. తీయడం ఒక ఎత్తు, తిరిగి ఇవ్వడం ఒక ఎత్తు. ఆఫీసుల వాళ్ళకి కొత్త డిస్కు, కాలేజీ పిల్లలకి పెన్‌డ్రైవు, దూరాన ఉన్నవాళ్ళకి మెయిల్లో లింకు. సముద్రంలో పడ్డ ఫోన్లకి మాత్రం ఉప్పు. ఆ డేటా ఏ డ్రైవులోకీ ఎక్కదు. ఫోను కడిగిన నీళ్ళు పళ్ళెంలో ఆరబెడితే అడుగున గుప్పెడు ఉప్పు మిగులుతుంది. నాలిక మీద వేసుకుంటే ఫోటోలు, పాటలు, మాటలు, చెరిపేసినవీ చెరపనివీ అన్నీ మనసులోకి వచ్చేస్తాయి. కరిగిందంటే మాత్రం ఇక అంతే, రెండో కాపీ ఉండదు. ఎండ లేని రోజుల్లో ఆలస్యమవుతుందని తప్ప తీరంలో ఎవరూ దాని గురించి ఇంకో మాట అనలేదు.

ఆవిడకి ఒకటే పట్టింపు. ఉప్పు చేతికివ్వకూడదు గనక బల్ల మీద పెడుతుంది, సొంతదారే వచ్చి తీసుకోవాలి. ఆ పట్టింపు శుక్రవారం సడలింది. ఫోను సముద్రంలో పడేసుకున్న లక్ష్ముడు చేపల వేటకెళ్ళాడని, అతని బదులు వాళ్ళావిడ దేవి కళింగపట్నం దగ్గర్నుంచి బస్సులో నిలబడి వచ్చింది. ఉత్త చేతులతో పంపడానికి మనసొప్పక, పేరు అంటించే సీసాలు కూడా అయిపోయి, రాగసుధ ఆ ఉప్పుని ప్లాస్టిక్ కవర్లో కట్టి ఇచ్చేసింది.

ఆదివారం పొద్దున్నే ఫోను మోగింది.

"మేడమ్, మా లక్ష్ముడి ఉప్పు ఇంకాస్త ఉన్నాదా మీ దగ్గిర?" అవతల దేవి. "నిన్న సాయంత్రానికి రావాలి బోటు. రానేదు. కొత్త ఫోను పలకట్లేదు. ఏ బండ కాడికెల్లాడో ఎవరికీ ఎరిక లేదు."

సముద్రంలో చేప దొరికే బండలు వేటగాళ్ళు పెళ్ళానికి కూడా చెప్పరు. లక్ష్ముడు తన బండలున్న చోట్లన్నీ ఆ మునిగిన పాత ఫోన్లోనే గుర్తు పెట్టుకున్నాడు.

"మీకిచ్చిందే మొత్తం. అదేమైంది?"

"పొయ్యి గట్టు మీద ఎట్టాను. మా అత్త పులుసులో ఏసేసింది."

రాగసుధ ఫోను పెట్టేసింది. షట్టరు దించి స్కూటీ తీసింది. సీసాలో పోసి పేరు అంటించి ఉంటే ఈ అనర్థం జరిగేదే కాదని దారి పొడుగునా తనని తనే తిట్టుకుంది.

దేవి వాళ్ళ జాలరిపేటలో బోట్లు అప్పటికే వెతికి ఖాళీగా వచ్చాయి. పోలీసులకీ చెప్పారు. ఇంటి అరుగు మీద లక్ష్ముడి తల్లి కూర్మమ్మ కూలబడి ఉంది.

"పులుసు ఎవరెవరు తిన్నారమ్మా?"

"దేవి శనివారం నీసు ముట్టదు. నేను తిన్నాను. తిన్న కాడ్నుంచి ఆడి పెళ్ళి ఫోటోలే కళ్ళ ముందు తిరుగుతన్నాయి, ఆడి పాటలే సెవుల్లో. పేగు కదిలిందనుకున్నాను గానీ ఉప్పనుకోలేదమ్మా."

"బండలేమైనా కనిపించాయా?"

కూర్మమ్మ తల అడ్డంగా ఊపింది. "మిగిలిన పులుసు మా మేనల్లుడు సూరిగాడికి పంపాను. నాకు రానియి ఆడికెల్లుంటాయి."

దేవి మొహం పాలిపోయింది. ఆ సూరి ఎదురింటి అప్పలసూరే, అతనికీ లక్ష్ముడికీ ఏడాదిగా మాటల్లేవు. ఒక బండ దగ్గర అప్పలసూరి వల తెగింది. లక్ష్ముడే కోశాడని అతను, నేను కాదని ఇతను. మగాళ్ళ తగువు పొయ్యి దాకా రానివ్వనని కూర్మమ్మ మాత్రం కూరలు పంపుతూనే ఉంది.

అప్పలసూరి వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"అన్నయ్యా, నీకెరికే కదా," అంది దేవి.

"నాకేటీ తెల్దు."

చేతిలో దారం మాత్రం ముడి పడటం లేదు. అబద్ధమని రాగసుధకి తెలిసిపోయింది, ఒళ్ళు మండింది కూడా. ఇతను నోరు విప్పకపోతే లక్ష్ముడు పోతాడు, బండలన్నీ ఇతనివవుతాయి. అరవబోయి, ఆగింది.

"మీకు చేరినవాటిలో చెరిపేసినవి కూడా ఉంటాయండీ."

అప్పలసూరి దారం కింద పడేశాడు.

"నా వల కోసింది ఆడే," అన్నాడు చివరికి. "నిన్న మద్దేన్నం నుంచీ ఆడి గొంతు నన్ను తినేస్తన్నాది. బావా తప్పయిపోనాదంటాడు, ఏడుస్తాడు, పంపకుండా సెరిపేస్తాడు. మళ్ళీ మొదులెడతాడు. ఏడాది పొడుగూ ఊరందరి ముందూ నన్ను అబద్ధాలకోరుని సేసి, ఫోన్లో ఏడిస్తే నాకేటి?"

కూర్మమ్మ మేనల్లుడి ముందు నేల మీద చతికిలబడింది.

రాగసుధ ఒక అడుగు ముందుకేసింది. "అది ఆయన సొత్తండీ. సొంతదారుకి ఇచ్చేదాకా నా పని అయినట్టు కాదు. నేను తప్పు చేశాను, మీకు చేరింది. ఇప్పుడు మీరే తిరిగి ఇవ్వాలి. అందుకు ఆయన బతికుండాలి."

అప్పలసూరి వలని పక్కకి తోసేశాడు. ఎవరి మొహమూ చూడకుండా డీజిలు డబ్బా భుజానికెత్తుకుని ఇసుకలోకి నడిచాడు.

పొద్దు వాలుతుండగా అతని బోటు వెనక తాడుకి కట్టిన ఇంకో బోటు కనిపించింది. ఇంజను చెడిపోయి కొట్టుకుపోతున్న లక్ష్ముడూ, అతనితో వెళ్ళిన ఇద్దరూ దొరికారు. దేవి మెడలోతు నీళ్ళలోకి పరుగెత్తింది.

ఒడ్డున లక్ష్ముడికి నీళ్ళు తాగించారు. ఎదురుగా అప్పలసూరి గొంతుక్కూర్చున్నాడు. నోరు తెరిస్తే, వచ్చింది లక్ష్ముడి గొంతు.

"బావా, నీ వల కోసింది నేనే..."

లక్ష్ముడు ఉలిక్కిపడి లేవబోయాడు. అప్పలసూరి భుజం పట్టి కూర్చోబెట్టి, చెరిపేసిన ప్రతి మాటా, మధ్యలో ఏడుపుతో సహా, ఊరందరి ముందూ అప్పగించాడు. లక్ష్ముడు తల వంచుకుని చివరిదాకా విన్నాడు. అంతా అయ్యాక అప్పలసూరి తన సొంత గొంతుతో, "ఇంకేటీ నా దగ్గిర లేదు," అన్నాడు.