ఐతారం ఎండ

లక్సెట్టిపేటలో ఎండ ఎంత కాసిందో 1991 నుంచి లెక్క రాస్తున్నది నేనే. పేరు సదానందం. పోస్టాఫీసులో గుమాస్తాగా చేసి ఐదారేళ్ల కింద రిటైరయ్యాను. కానీ నా అసలు ఉద్యోగం మా పెరట్లో ఉంది. నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన తెల్ల చెక్క డబ్బా అది. చుట్టూ గాలి ఆడేందుకు రెక్కలు, లోపల నాలుగు థర్మామీటర్లు. అందులో ఒకటి పగటి ఎండ ఎంతదాకా ఎక్కితే అక్కడే ఆగిపోయి సాయంత్రం ఐదున్నరకు నేను వచ్చి చూసేదాకా కదలదు. జ్వరమొచ్చినా, పండగొచ్చినా రిజిస్టరులో ఒక్క గడి ఖాళీ వదల్లేదు. ఊళ్లో నన్ను ఎండ సదానందం అంటారు. నా కోపం చూసి పెట్టిన పేరని గిట్టనివాళ్ల మాట. అదీ కొంత నిజమే.

మొన్న రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, హైదరాబాద్ వాతావరణ ఆఫీసు నుంచి ప్రవళిక అనే అమ్మాయి వచ్చింది. హుజూరాబాద్ పిల్ల. మన దిక్కు ఏడాది సగటు వేడి ఈ ముప్పై ఏళ్లలో ఎంత పెరిగిందో పాత రిజిస్టర్లు చూసి తేల్చడం ఆమె పని. నా లెక్కలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి తెచ్చింది. చాప మీద కూర్చుని, మంచినీళ్లు కూడా ముట్టకుండా అడిగింది.

“సార్, రెండువేల పదహారుల ఏమైంది?”

“మంచిర్యాల జిల్లా అయింది” అన్నాను.

ఆమె నవ్వలేదు. తెర నా వైపు తిప్పింది. ఏడాదికొక చుక్క చొప్పున గీత నెమ్మదిగా పోతూ పోతూ, 2016 దగ్గర గడప ఎక్కినట్టు పైకెక్కింది. మళ్లీ దిగలేదు.

“పెరిగిందంతా ఎండకాలంలనే సార్. డబ్బా ఏమన్న జరిపిన్రా? థర్మామీటర్ మార్చిన్రా?”

“లేదు.”

“పక్కన చెట్టు కొట్టిన్రా? సిమెంటు రోడ్డు పడ్డదా?”

“చూడు బిడ్డా, గా డబ్బాను నేను తప్ప ఇంకొకలు ముట్టలే. నా లెక్క తప్పు అని చెప్పనీకి ఇంత దూరం వచ్చినవా?”

“తప్పు అంటలేను సార్. కారణం తెల్వాలె. ఇంత ఎత్తు ఒక్కపారే ఎక్కితే ఎవరు నమ్మరు. కారణం దొరకకపోతే మీ లెక్క మొత్తం పక్కకు పెట్టి, మిగతా ఊర్లతోని సగటు కడ్తరు. రేపు పొద్దుగాల రిపోర్టు పంపాలె.”

మొత్తం అంటే ముప్పై ఏళ్లకు పైనే. ఆమె రేపు ఎనిమిదింటికి వస్తానని చెప్పి మంచిర్యాల బస్సెక్కింది. నేను వాకిట్లోనే నిలబడిపోయాను. 2016లో ఏమైందో నాకు తెలియక కాదు. ఆ జనవరిలో నా భార్య నర్మద చనిపోయింది. మాకు పిల్లలు లేరు. అప్పటినుంచి నేనూ డబ్బా మాత్రమే మిగిలాం. కానీ మనిషి పోతే పాదరసం పైకెక్కుతుందా? ఆ మాట ఎవరితోనైనా ఎలా అంటాం?

ఆ సాయంత్రం పక్కింటి హఫీజా మజ్జిగ తెచ్చింది. కిటికీ పక్కన మిషన్ వేసుకుని బట్టలు కుడుతుంది. ఆ కిటికీలోంచి మా పెరడంతా కనబడుతుంది. వచ్చిన పిల్ల ఎవరని అడిగితే సంగతి చెప్పాను. ఎప్పుడో పదహారులో ఎండ ఒక్కసారి పెరిగిందట, ఎందుకో తెలియదట అన్నాను.

“పెరగదా సార్ మరి? నర్మదక్క గోనెపట్ట కప్పుతలేదాయె.”

“ఏం గోనెపట్ట?”

ఆమె చెంబు కింద పెట్టి, నోరు జారినదానిలా నా ముఖం చూసింది. “మీకు తెల్వదా? అక్క ఎండకాలం రోజు పన్నెండింటికి గోనెపట్ట తడిపి డబ్బా మీద కప్పేది. ఆరిపోతే మళ్ల తడిపేది. మీరొచ్చే యాళ్లకు తీసి దాచేది. లోపట ఒక్కదానికే నీళ్లు తాపుతరు, మిగతయి దూపకు అల్లాడుతయి అనేది.”

నాకు అప్పుడు గుర్తొచ్చింది. డబ్బా వచ్చిన కొత్తలో నర్మదకు అన్నీ చూపించాను. నాలుగింటిలో ఒక థర్మామీటరు కింద బుడ్డికి పలచటి గుడ్డ చుట్టి ఉంటుంది. గాలిలో తేమ ఎంతో చూడటానికి దాన్ని ఎప్పుడూ తడిగా ఉంచాలి, చిన్న గిన్నెలో నీళ్లు పోస్తూ ఉండాలి. నర్మద చాలాసేపు చూసి, ఒక్కదానికే నీళ్లు తాపి మిగతా మూడింటిని ఎండకు చంపుతవా అంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకే అని నవ్వాను. తర్వాత ఒకరోజు ఆమె డబ్బా తలుపు మీద చెయ్యి వేస్తే ఇంటికప్పు లేచిపోయేలా అరిచాను. ఇంకోసారి ముట్టుకుంటే ఊరుకోనన్నాను. ఆమె మళ్లీ ముట్టుకోవడం నేను చూడలేదు. చూడలేదు కాబట్టి ముట్టుకోలేదనుకున్నాను.

“రోజునా?” అన్నాను.

“ఐతారం ఒక్కటి కప్పకపోయేది సార్. మీరు ఇంట్ల ఉంటరని భయం.”

హఫీజా వెళ్లిపోయాక నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు, కోపం. చచ్చిపోయిన మనిషి మీద కోపం. ఒక్క గడి తప్పకుండా రాశానని కాలరెగరేసుకు తిరిగిన ఇరవై అయిదేళ్ల లెక్కను గోనెపట్టతో తడిపేసింది. ఎదురుగా ఉంటే తిట్టేవాణ్ణి. ఎదురుగా లేకపోయేసరికి అరుగు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

తర్వాత బుద్ధి గడ్డి తిన్నది. రోడ్డు పడిందని చెబితే పోలేదా? పదహారులో కాకపోయినా ఆ తర్వాతెప్పుడో మా వీధిలో సిమెంటు పోశారు. తేదీ ఎవడు చూడొచ్చాడు. నా రిజిస్టరు బతుకుతుంది, నా పేరు నిలుస్తుంది. కానీ అప్పుడు ఆ గీతలో నర్మద ఉండదు, రోడ్డు ఉంటుంది. ఆమెకు ఈ లోకంలో మిగిలిన గుర్తు అదొక్కటేనేమో. దాన్ని రోడ్డు కింద వేయడానికి నాకు మనసొప్పలేదు.

పొద్దున ప్రవళిక రాగానే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గోనెపట్ట, దూప, నా అరుపు, అన్నీ. నవ్వుతుందనుకున్నాను. ఆ పిల్ల ఒక్క మాటే పట్టుకుంది.

“ఐతారం మాత్రం కప్పలేదన్నరు కదా సార్?”

“హఫీజా అట్ల చెప్పింది.”

“ఉండుండ్రి” అని కంప్యూటరు ఒళ్లో పెట్టుకుంది. ఎండాకాలం ఆదివారాలన్నీ ఒకపక్కకు, మిగతా రోజులన్నీ ఒకపక్కకు తీసింది. తెర మీద రెండు గీతలు పడ్డాయి. 1991 నుంచి 2015 దాకా ఆదివారాల గీత పైన, మిగతా రోజులది కింద. రెండింటి మధ్య ఒకటీ పాయింట్ మూడు డిగ్రీల తేడా. 2016లో కింది గీత లేచి పై గీతలో కలిసిపోయింది.

“సార్, గిదే. మీ లెక్క ఎక్కడికి పోదు. ఐతారాల గీత సాఫ్‌గా ఉంది, దాన్ని పట్టుకొని మిగతా రోజులను సరిజేస్తం. ఎండ మెల్లగా పెరుగుడు నిజమే, ముప్పావు డిగ్రీ దాకా పెరిగింది. గా ఒక్క ఎగురుడే ఎండది కాదు.”

ఎవరిదో మా ఇద్దరికీ తెలుసు.

ఆ రెండు గీతలు చూస్తుంటే పాత మాట ఒకటి జ్ఞాపకం వచ్చింది. ఆదివారం లెక్క ఎక్కువ వస్తోందని ఆ రోజుల్లోనే నేను పసిగట్టాను. రిజిస్టరు ముందేసుకుని, ఇదేమిటే, వారమంతా ఒకలా ఉండి ఆదివారం రాగానే ఇంత ఎండ అంటే, నర్మద చాటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండా అనేది.

“ఐతారం సూర్యుని వారమాయె. ఆ రోజు ఎండ గట్లనే ఉంటది.”

పిచ్చి మొహమా అని నవ్వేవాణ్ణి. ఆమె కూడా నవ్వేది. ఎందుకు నవ్వేదో ఇన్నాళ్లకు అర్థమైంది. నేను ఇంట్లో లేని ఆరు రోజులూ మా పెరడు చల్లగా ఉండేది. నేను ఉన్న రోజు మాత్రం నా భయానికి ఆ డబ్బా మాడేది.

ప్రవళిక రిపోర్టులో కారణం దగ్గర ఏం రాయాలని అడిగింది. ఇంటివాళ్లు తడిపేవారని రాయమన్నాను. పేరు కావాలా అంటే అవసరం లేదంది. అయినా కాగితం మీద రాసి ఇచ్చాను. నర్మద, భర్త పేరు సదానందం. ఆమె మడిచి సంచిలో పెట్టుకుని బస్సుకు వెళ్లింది.

మధ్యాహ్నం పన్నెండింటికి వంటింట్లో వెతికితే బియ్యం డబ్బా వెనక మడిచి పెట్టిన గోనెపట్ట దొరికింది. బకెట్లో ముంచి, నీళ్లు కారుతుండగా పెరట్లోకి పట్టుకుపోయాను. డబ్బా దాకా వెళ్లి ఆగాను. కప్పకూడదు. కప్పితే లెక్క మళ్లీ తప్పుతుంది. పట్ట చేతిలో ఆరిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. ఎంతో సేపు పట్టలేదు.

ఐదున్నరకు తలుపు తెరిచి చూశాను. నలభై నాలుగూ పాయింట్ రెండు. రిజిస్టరు గడిలో రాసి, పక్కన వారం పేరు వేయబోయాను. అది గురువారం. ఆమె పోయినప్పటినుంచి ఈ ఇంట్లో వారమంతా ఐతారమే.